కుక్క ఎక్కని గచ్చు

మొన్న ఆదివారం పేపర్లో ఒక పెద్దమనిషి రాశాడు, కుక్కలకు ఆడుకోవడానికైనా పడుకోవడానికైనా పచ్చికను మించినది లేదట. పచ్చిక పెంచే జాగా లేనివాళ్ళు ప్లాస్టిక్ పచ్చిక కొని మేడ మీద పరిచినా చాలునట. చదివి, పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ తీసి చదివాను. అదే రాసి ఉంది. ఏ కుక్కను అడిగి రాశాడో మాత్రం ఎక్కడా రాయలేదు.

నేను బడికి పోయినవాణ్ణి కాను. పెళ్ళయ్యాక, దేశం కాని దేశంలో, ఊరి నుంచి పచ్చడి సీసాలకు చుట్టి వచ్చిన పాత పేపర్ల మీద నూనె మరకల మధ్య అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుకే అచ్చులో పడిన మాటంటే నాకు గౌరవం. తేలిగ్గా కాదనను. కానీ కుక్క ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ పడుకోదు అన్న విషయంలో మాత్రం ఎవరైనా సరే నా మాట వినాల్సిందే. ఆ సబ్జెక్టులో నేను పది రోజులు పరీక్ష రాశాను. తప్పాను కూడా. పాసైనవాడి కంటే తప్పినవాడికే ప్రశ్నలు బాగా గుర్తుంటాయి.

డెబ్బైల్లో మాట. ఒమాన్లో ఖబూరా దగ్గర, ఖర్జూరపు తోటల మధ్య, ఒక తోట యజమానికి ఇల్లు కడుతున్నాం. అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. తోట దాటి కాస్త నడిస్తే సముద్రం. ఇంటి ముందు ఒక పెద్ద జమ్మి చెట్టు ఉండేది. అక్కడివాళ్ళు గాఫ్ అంటారు గానీ, అది జమ్మే. దసరాకు ఆకు తెంపినవాణ్ణి, నాకు తెలియదా? మొదటి రోజు ఆ చెట్టును చూసి, పరాయి ఊళ్ళో మేనమామ కనబడినంత సంబరపడ్డాను.

సైటు మీద పన్నెండు మందిమి. అందులో ఈ కథకు కావలసింది ముగ్గురే. ఒకడిని నేను. అప్పటికి తాపీ పట్టి రెండేళ్ళు. రెండో ఆయన జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ముసలి మేస్త్రీ. నాకు తాపీ పట్టడం నేర్పింది ఆయనే. కాకా అని పిలిచేవాణ్ణి. మూడో ఆయన మా ఫోర్మన్. కడప దిక్కు ముసల్మాను. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు, అర్బాబ్‌తో అరబ్బీ. పనిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా గోడ విప్పించేవాడు. అన్నం దగ్గర మాత్రం అందరూ తిన్నాకే కూర్చునేవాడు.

ఇక నాలుగోది కుక్క. ఒకనాడు సముద్రం వైపు నుంచి వచ్చి, మా నీళ్ళ డ్రమ్ము కింద తడిగా ఉన్న చోట బోర్లా పడుకుంది. ఖర్జూరపు పండు రంగు, పొడుగు మూతి, సన్నటి కాళ్ళు, ఎడమ చెవి సగానికి మడత. నేను చపాతీ అంచులూ చేప తలకాయలూ వేశాను. మర్నాటి నుంచి అదీ డ్యూటీకి రావడం మొదలుపెట్టింది. తలా ఒక పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఒక్క పేరుకూ పలికేది కాదు. నా గిన్నె చప్పుడుకు మాత్రం ఎంత దూరాన ఉన్నా వచ్చేది.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఫోర్మన్ నమాజు చేసే జాగా దగ్గర వచ్చింది. ఆయనకు జమ్మి చెట్టు కింద ఒక చోటు ఉండేది. మధ్యాహ్నం పని ఆపగానే ఈత చీపురుతో అక్కడ ఇసుక ఊడ్చి, ముళ్ళూ గులకరాళ్ళూ ఏరి, దుమ్ము లేవకుండా డబ్బాతో నీళ్ళు చిలకరించేవాడు. ఆ నీళ్ళు ఇంకేలోపు డ్రమ్ము దగ్గరికి పోయి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి చాప పరుచుకునేవాడు. కుక్క ఏం చేసేదంటే, ఆయన కడుక్కోవడానికి ఇలా తిరగగానే అలా వచ్చి, ఊడ్చిన చోట మూడు సార్లు గుండ్రంగా తిరిగి, ముందుకాళ్ళతో నాలుగు సార్లు గీరి, హాయిగా వాలిపోయేది. అంత చెట్టు కింద, అంత నీడలో, దానికి ఆ చాపెడు జాగానే కావాలి.

మొదటి రోజు ఆయన అదిలించి, పక్కన ఇంకో చోటు ఊడ్చుకున్నాడు. రెండో రోజూ అంతే. వారం గడిచాక, సోమవారం, మధ్యాహ్నం నమాజుకు మూడు చోట్లు ఊడ్చాల్సి వచ్చింది. మూడిట్లోనూ అదే పడుకుంది. నమాజయ్యాక నన్ను పిలిచాడు.

"అబ్బీ, దీనికి తిండి పెట్టేది నువ్వే గదా?"

"అవును సాబ్."

"అయితే నువ్వే సెప్పు దీనికి. వచ్చే వారం బేస్తవారం పికప్పు మస్కట్ పోతాది. అంతలోకి దీనికి వేరే జాగా సూపిస్తే సరి. లేదంటే డ్రైవర్తో సెప్పి దోవలో కొండల కాడ దింపిస్తా."

"కొండల్ల ఏం తింటది సాబ్?"

"దాని తిండి ఖుదా సూసుకుంటాడు. నా నమాజు నేనే సూసుకోవల్ల."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తడి కుక్క తగిలితే ఆయన మళ్ళీ కడుక్కోవాలి. ఎండలో పన్నెండు మందిని చూసుకునే మనిషికి అదొక్కటే తీరిక. కానీ ఆ కొండలు నేను చూశాను. రాయి తప్ప ఏమీ లేదు అక్కడ.

వెంటనే నాకొక ఉపాయం తట్టింది. తాపీ మేస్త్రీకి ఏం తడుతుంది? గచ్చు. మనిషైనా కుక్కైనా గచ్చు చేసి ఇస్తే వద్దనేవాడు ఉంటాడా అనుకున్నాను. మా ఊళ్ళో ఎవరింట్లోనైనా వరండాకు గచ్చు చేశారంటే చూడ్డానికి పోయేవాళ్ళం. పోయినవాళ్ళం చెప్పులు విప్పి అరికాలుతో తడిమి చూసేవాళ్ళం. అంత గొప్పది నేనే నా చేతులతో చేసి ఇస్తే, ఆఫ్టరాల్ కుక్క, అది కాదంటుందా?

రోజూ సాయంత్రం గమేళాల్లో కాస్త కలిపిన సిమెంటు మాలు మిగిలేది. ఎటూ పారబోసేదే. ఆ సోమవారం సాయంత్రం దాన్నే తీసుకుని, ఫోర్మన్ చోటుకు పది అడుగుల అవతల, అదే చెట్టు నీడలో, పగిలిన బ్లాకు ముక్కలు పరిచి, మీద కంకర వేసి, దారం కట్టి, ఒక మనిషి పడుకునేంత గచ్చు వేశాను. పైన సిమెంటు నీళ్ళు పోసి తాపీతో రుద్దాను. రుద్దిన కొద్దీ మెరిసింది. మెరిసిన కొద్దీ రుద్దాను. చీకటి పడే వేళకు అందులో జమ్మి కొమ్మలు కనబడ్డాయి.

కాకా బీడీ ముట్టించుకుని వచ్చి చూశాడు. "ఏందిరా ఇది?"

"కుక్కకు కాకా."

"కుక్కకా. మరి మెట్లేవిరా? కిటికీ ఎటు దిక్కు పెడ్తవు?"

సైటంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ. మర్నాడు పొద్దున్నే లేచి, గచ్చు చుట్టూ మట్టితో చిన్న కట్ట కట్టి నీళ్ళు నిలబెట్టాను. కొత్త గచ్చు ఎండకు బీటలు వారకుండా ఏడు రోజులు నీళ్ళు పెట్టాలి. అది ఇంటికైనా అంతే, కుక్కకైనా అంతే. పని అంటే పనే.

"కుక్క మంచానికి క్యూరింగా?" అన్నాడు కాకా. "నా పెండ్లికి మా నాయన గింత తయారు జెయ్యలేదురా."

రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాత నీళ్ళు తోసేసి, గచ్చు తుడిచి, కొత్త నీళ్ళు పెట్టేవాణ్ణి. మధ్యాహ్నం నమాజు వేళకు మాత్రం చేతిలో కర్ర పట్టుకుని ఫోర్మన్ చోటుకు కాపలా కాసేవాణ్ణి. నా అన్నం చల్లారిపోయేది. కుక్క నా కర్రను ఆట అనుకుంది. ఒక చివర నేను పట్టుకుంటే, రెండో చివర అది నోట కరిచి గుంజేది. ఇద్దరం గుంజులాడుకుంటూ ఆ ఊడ్చిన జాగా అంతా తొక్కి పెట్టేవాళ్ళం. ఫోర్మన్ తలపై టోపీ సర్దుకుంటూ, "మీ ఇద్దర్నీ దింపిస్తా కొండల కాడ," అనేవాడు.

మూడో రోజు అది గచ్చు మీదికి రానే వచ్చింది. రావడమంటే నడిచి రావడం కాదు. ఒక కాకిని తరుముతూ తోట వైపు నుంచి బాణంలా వచ్చి, నీళ్ళు నిలిచిన నా గచ్చు మీద కాలు పెట్టింది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోయాయి. పొట్ట మీద జారుతూ జారుతూ ఈ కట్ట తెంపుకుని వచ్చి ఆ కట్ట తెంపుకుని పోయింది. లేచి, ఒళ్ళు దులుపుకుని, నా వైపు ఒక చూపు చూసింది. నా జీవితంలో చాలామంది మేస్త్రీలు నా పనికి వంకలు పెట్టారు. ఎవరూ అలా చూడలేదు.

ఆ శుక్రవారం సెలవు. మనసు బాగోలేక సముద్రం ఒడ్డుకు పోయాను. కుక్క నా వెంట వచ్చింది. నిజం చెప్పాలంటే నేను దాని వెంట పోయాను. ఆ పొద్దున నేను నేర్చుకున్నది ఏ పేపర్లోనూ రాయలేదు. రాయాల్సినవాళ్ళు పచ్చిక గురించి రాసుకుంటున్నారు మరి.

తోట దాటగానే పొడి ఇసుక. అందులో కుక్క పరిగెత్తలేదు. కాలు దిగబడుతుంది, పైగా మాడుతుంది. ఏదో పని మీద పోతున్న గుమాస్తాలా గబగబా నడిచి దాటేసింది. ఆ తర్వాత ఆటుకు నీళ్ళు వెనక్కి పోయి తేలిన తడి ఇసుక. అక్కడ నా అడుగు పడితే అచ్చు సగం లోతే దిగింది. నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్ళీ తోస్తుంది. ఆ నేల మీద కాలు పెట్టగానే దానికి పిచ్చి ఎక్కింది. తోక కాళ్ళ మధ్య దోపుకుని, చెవులు వెనక్కి పెట్టి, ఎవరూ తరమకుండానే గుండ్రంగా గుండ్రంగా తిరిగింది. మలుపు దగ్గర గోళ్ళు దిగి పట్టు దొరుకుతుంది. పడినా దెబ్బ తగలదు. నేనూ చెప్పులు విప్పి పరిగెత్తాను. ఇద్దరు పిల్లల తండ్రిని. దూరంగా వలలు దులుపుకుంటున్న జాలర్లు చూసి చేతులూపారు.

ఇంకాస్త ముందుకు పోతే, ఒంటెలకూ ఆవులకూ మేత కోసమని చిన్న చేపలు ఎండబోశారు. నేల కనిపించకుండా చేపలే. కుక్క దాని అంచున నిలబడి కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. తర్వాత భుజం వంచి, మెడ ఆనించి, వెల్లకిలా పడి దొర్లింది. కాళ్ళు ఆకాశానికెత్తి, నాలుక పక్కకు వేలాడేసి, మనం నలుగు పెట్టుకున్నంత శ్రద్ధగా దొర్లింది. చేపల యజమాని అరుస్తూ వచ్చాడు. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లో మూడు క్షమాపణలే. అవి చెప్పుకుని పరుగున వచ్చేశాం. ఆ రాత్రి కాకా మంచం తీసుకుని ఆరుబయటకు పోయాడు. "వాసన కుక్కదా నీదా ముందు తేల్చుకోండ్రి," అన్నాడు.

అప్పుడు నాకు కొంచెం కొంచెం అర్థమైంది. అది నేల మీద పడుకోదు. నేలను తయారు చేసుకుని పడుకుంటుంది. పైన వేడి పొరను గీరి తీసేసి, కింద చల్లటి పొర తేల్చి, తన ఒంటికి సరిపడా గుంట చేసుకుని అందులో చుట్టుకుంటుంది. కంకర కుప్ప మీద అది పడుకోగా ఎప్పుడూ చూడలేదు. గోనె సంచి వేస్తే ఆటకు గుంజుకుపోయేది తప్ప పడుకునేది కాదు. ప్లాస్టరింగ్ కోసమని నేను జల్లెడ పట్టిన సన్న ఇసుక మీద మాత్రం ఎప్పుడు చూసినా గుంట ఉండేది. ఇక గీరితే గీత పడని గచ్చు దానికెందుకు? నేను దానికి ఇచ్చింది మూత తెరుచుకోని పెట్టె.

ఇంత తెలిసినా నా చేతిపని మీద ఆశ చావలేదు. ఏడు రోజులూ నిండాక, మంగళవారం, కట్ట మట్టి తీసి, ఆ మట్టితోనే గచ్చంతా రుద్ది, కడిగి ఆరబెట్టాను. నడిమధ్యన చేప తలకాయ పెట్టాను. కుక్క వచ్చింది. నాలుగు వైపులా తిరిగి చూసింది. ముందుకాళ్ళు ఇసుకలోనే ఉంచి, అంచు మీదుగా మెడను ఒంటె మెడలా సాగదీసింది. అందలేదు. కూర్చుని నా వైపు చూసి, అందించమని ఒక్కసారి మొరిగింది.

"అందియ్యరా," అన్నాడు కాకా. "గచ్చు ఎట్లయినా నీది, తలకాయన్న దానికి దక్కనీ."

బుధవారం ఆఖరి ప్రయత్నం. జల్లెడ ఇసుక నాలుగు గమేళాలు మోసుకొచ్చి, గచ్చుకు అవతల చెట్టు నీడలో మెత్తటి పడక చేసి, నీళ్ళు చిలకరించాను. కుక్క వెంటనే వచ్చి గీరి పడుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. సరిగ్గా అప్పుడు ఫోర్మన్ చీపురు తీసుకుని తన చోటు ఊడ్చి, నీళ్ళు చల్లి, కడుక్కోవడానికి పోయాడు. కుక్క లేచింది. ఒళ్ళు విరుచుకుంది. నేను చేసిన పడక దాటి, గచ్చును చుట్టి, తిన్నగా పోయి ఆయన చోట పడుకుంది. అదే ఇసుక, అదే నీళ్ళు, అదే నీడ. అయినా అప్పుడే ఊడ్చిందైతే దానికి వేరు.

బేస్తవారం మధ్యాహ్నం పికప్పు వచ్చి చెట్టు దగ్గర ఆగింది. డ్రైవరు వెనక ఒక తాడు పెట్టుకుని వచ్చాడు. కుక్క అలవాటు ప్రకారం ఊడ్చిన చోట చుట్టుకుని పడుకుని ఉంది. డ్రైవర్ను చూసి తోక కూడా ఆడించింది. నేను దాని పక్కన చతికిలబడ్డాను.

ఫోర్మన్ కడుక్కుని, తడి చేతులతో చాప చంకన పెట్టుకుని వచ్చాడు. కుక్కను చూశాడు, నన్ను చూశాడు, తాడును చూశాడు. ముందు నమాజు కావాలి, వేళవుతోంది. చోటు కోసం అటూ ఇటూ చూస్తూ నా గచ్చు దగ్గర ఆగాడు.

"దీని మీద కుక్క పండుకుంటాదా?"

తలెత్తలేకపోయాను. "పండుకోదు సాబ్. మస్తు బతిమిలాడిన. కాలు గూడ పెడ్తలేదు."

"ఎప్పుడూ ఎక్కలేదా?"

"ఒక్కపారి జారిపడ్డది. అప్పుడు దాని మీద నీళ్ళున్నయ్."

"ఆ తర్వాత ఎన్ని దినాలు నీళ్ళు మార్చినావు?"

"మొత్తం ఏడు దినాలు సాబ్, దినాం రెండు పార్లు. ఆఖరుకు మట్టితోని రుద్ది కడిగిన."

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. చెప్పులు విప్పి గచ్చు ఎక్కాడు. మా ఊళ్ళోలాగే అరికాలితో ఒకసారి తడిమి చూశాడు. నేను ఇంటి గోడకు సమంగా దారం కట్టి వేసిన గచ్చు మీద, చాపను కొంచెం ఏటవాలుగా మక్కా దిక్కుకు పరిచి, నిలబడ్డాడు.

కుక్క ఒక కన్ను తెరిచి, ఆయన వంగడం, లేవడం చూసి, మళ్ళీ మూసుకుంది. ఆ సైటు మొత్తం మీద అది కాలు పెట్టని చోటు అదొక్కటేనని నాకు అప్పుడు తట్టింది. పది రోజులుగా నేను సిగ్గుపడుతున్నది దాని గురించే.

చాప మడుస్తూ ఫోర్మన్ డ్రైవర్తో అన్నాడు, "తాడు తీసుకపో. ఆ ఖాళీ డ్రమ్ములుండాయి, వాటికి కట్టుకో."

తర్వాత ఎప్పుడో ఆయనే చెప్పాడు. కుక్క మూతి పెట్టిన గిన్నెను ఏడు సార్లు కడగాలని, అందులో ఒకసారి మట్టితో కడగాలని వాళ్ళలో ఉందట. "అది గిన్నెల సంగతి, గచ్చుకు అంత లేదులే," అని నవ్వాడు. "అయినా నువ్వు ఏడు దినాలు అన్యాక మనసుకు ఇంక అడ్డం లేకపాయ."

ఆ ఇల్లు పూర్తయ్యేదాకా ఆయన నమాజు గచ్చు మీద, కుక్క పడక ఇసుకలో. నాకు అన్నింటికంటే నచ్చింది ఇంకొకటి ఉంది. గచ్చు మీదికి మారాక కూడా ఆయన రోజూ మధ్యాహ్నం చీపురు తీసి ఆ పాత చోటు ఊడ్చేవాడు, ముళ్ళు ఏరేవాడు, డబ్బాతో నీళ్ళు చిలకరించేవాడు. కుక్క పక్కన నిలబడి, పని ఎక్కడైనా తప్పుతుందేమోనని చూసేది. ఎందుకు సాబ్ అంటే, చేతికి అలవాటైందప్పా అనేవాడు.

ప్లాస్టిక్ పచ్చిక అట. గీరితే కింద ఏం తేలుతుంది అందులో? జిగురు తేలుతుంది.

ఇల్లు అప్పజెప్పిన రోజు సామాను పికప్పులో ఎక్కిస్తుంటే, ఫోర్మన్ ఆ గచ్చు మీద నిలబడి ఇంటి వరండా వైపు చాలాసేపు చూశాడు. వరండా గచ్చూ నేను చేసిందే. "అబ్బీ," అన్నాడు, "అర్బాబ్ కోసం సేసిన గచ్చు ఇంత నున్నగా రాలేదే?"

నేను బండి వైపు తిరిగాను. కుక్కను ముందే బండెక్కించాను. సిమెంటు సంచుల మధ్య కాస్త ఇసుక పోసి ఉంచాను, అందులో గీరుకుంటోంది. కాకా బదులు చెప్పాడు.

"అర్బాబ్ అయితే ఏదేసినా పండుకుంటడు సాబ్. ఇది పండుకోదని వీనికి భయం."